లార్డ్ దారి మార్చుకుంటే తప్పేంటి?

న్యూజిలాండ్ గాయని, గీత రచయిత్రి లార్డ్ ‘రాయల్స్’ పాటతో 2013లో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి చేరినప్పుడు ఆమెకు 16 ఏళ్లు. 2017 నాటి ‘మెలోడ్రామా’ గ్రామీల్లో ఏడాది ఉత్తమ ఆల్బమ్ పోటీ దాకా వెళ్లింది. 2021లో ‘సోలార్ పవర్’ రాగానే అభిమానులు రెండు వర్గాలయ్యారు. సింథ్‌ల హోరు తగ్గింది, గిటార్ ముందుకొచ్చింది, పాటల నిండా ఎండా సముద్రమూ పరుచుకున్నాయి. కొందరికి అది ఊరట, చాలామందికి నిరాశ. నెపాన్ని ఆమెతో కలిసి పనిచేసిన నిర్మాత జాక్ ఆంటొనాఫ్ మీదకు నెట్టినవారూ ఉన్నారు. వాళ్లు నెత్తిన పెట్టుకున్న ‘మెలోడ్రామా’లోనూ ఆయన చెయ్యి ఉందిగా! మారింది నిర్మాత కాదు, పాడే మనిషి. పాట నచ్చలేదని చెప్పే హక్కు శ్రోతకు ఎప్పుడూ ఉంటుంది. కానీ 24 ఏళ్ల యువతి 16 ఏళ్ల పిల్లలాగే రాయాలనడం మాత్రం అన్యాయం. ఆ గొడవలో ఒక మంచి పని మరుగున పడింది. అదే ఏడాది ఆమె ‘సోలార్ పవర్’లోని 5 పాటలను మావోరీ భాషలో పాడి విడిగా విడుదల చేసింది. పాత బాణీనే పట్టుకుని ఉంటే ఆ ప్రయత్నం పుట్టేదా అన్నది అనుమానమే.

2025లో ‘వర్జిన్’తో ఎలక్ట్రానిక్ ధ్వనులు తిరిగొచ్చాయి. పాత లార్డ్ దొరికిందని సంబరపడుతున్నవాళ్లు దయచేసి ‘సోలార్ పవర్’ను మొదటి నుంచి చివరిదాకా మరోసారి వినండి.