టేక్ ఆఫ్: రెండు చిన్న మాటల పెద్ద సంసారం

బూట్లు విప్పితే టేక్ ఆఫ్. విమానం లేస్తే టేక్ ఆఫ్. వ్యాపారం పుంజుకుంటే టేక్ ఆఫ్. చెప్పాపెట్టకుండా ఎవరైనా చెక్కేస్తే అదీ టేక్ ఆఫే. క్రియ పక్కన ఒక చిన్న మాట చేరి ఇలా అర్థాన్నే మార్చేస్తే ఇంగ్లిష్‌లో దాన్ని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ పుస్తకంలో ఈ పేరు వాడాడు. దాన్ని సూచించినవాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ. పేరు కొత్తదే గాని చిక్కు పాతదే. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు ముందుమాటలోనే, పరభాషల వాళ్లకు ఇంగ్లిష్‌లో అన్నిటికన్నా కష్టమైనవి ఇవేనని చెప్పి ఉదాహరణలు వరసగా ఇచ్చాడు. అందులో టేక్ ఆఫ్ కూడా ఉంది. అక్కడ దానికి ఆయన ఇచ్చిన అర్థం విప్పడం కాదు, అనుకరించడం. ఒకరి గొంతునూ నడకనూ నవ్వు పుట్టేలా చేసి చూపడాన్ని బ్రిటిష్ వాళ్లు ఇప్పటికీ అలాగే అంటారు.

ఇన్ని అర్థాలకూ మూలం ఆఫ్‌లో ఉంది. అంటుకుని ఉన్నది విడివడటమే ఆఫ్. ఒంటి మీది కోటు, కాలి బూటు, గిన్నె మీది మూత విడివడతాయి. ధరలోంచి కొంత విడివడితే తగ్గింపు. ఆషాఢం సేల్ బోర్డుల మీద ‘50 శాతం ఆఫ్’ అని కనిపించేది ఈ ఆఫే. పనిలోంచి ఒక రోజు విడివడితే సెలవు. ‘ఇవాళ నాకు ఆఫ్’ అనే మాట ఇక్కడి నుంచే వచ్చింది. ‘ఆఫ్ డే’ సెలవులో వినిపించేది మాత్రం హాఫ్, రెండూ వేరు. ఒక రూట్లో బస్సు ఎత్తేసినా, రైలు రద్దు చేసినా ఇంగ్లిష్‌లో టేక్ ఆఫ్ అనే అంటారు. గౌరవంగా టోపీ తీయడం కూడా టేక్ ఆఫే. మన పత్రికల్లో తరచూ కనిపించే ‘హ్యాట్సాఫ్’ ఆ మర్యాదలోంచి పుట్టింది. గుడి ముందు చెప్పులు విడవడానికీ ఇంగ్లిష్‌లో అదే క్రియ.

ఎగరడమనే అర్థం విమానంతో పుట్టలేదు. 19వ శతాబ్దంలో కంచె దూకే గుర్రం నేల విడిచే క్షణాన్ని అలా అనేవారు. లాంగ్ జంప్‌లో అది నేటికీ కనిపిస్తుంది. ఆటగాడు పరుగెత్తుకొచ్చి కాలు మోపి లేచే 20 సెంటీమీటర్ల వెడల్పు పలక పేరు టేకాఫ్ బోర్డు. కాలు దాని అంచు దాటిందా, ఆ దూకు లెక్కలోకి రాదు. 1903 డిసెంబరు 17న రైట్ సోదరుల యంత్రం 12 సెకన్లు గాలిలో నిలిచాక ఈ మాట ఆకాశానికీ అలవాటైంది.

విమానం దగ్గర నుంచి అది అర్థశాస్త్రంలోకి వెళ్లింది. అమెరికన్ ఆర్థికవేత్త డబ్ల్యూ.డబ్ల్యూ. రోస్టో 1960లో దేశాల ఎదుగుదలను అయిదు దశలుగా విడదీసి, మూడోదానికి టేకాఫ్ అని పేరు పెట్టాడు. జాతీయాదాయంలో పెట్టుబడి వాటా 5 శాతం స్థాయి నుంచి 10 శాతం దాటడం దానికి ఒక గుర్తు. బ్రిటన్‌కు ఆ దశ 1783లో మొదలైందనీ, భారతదేశానికి 1952లో మొదలైందనీ ఆయన లెక్క. ఆ సిద్ధాంతం మీద విమర్శలు చాలానే వచ్చాయి, పోలిక మాత్రం నిలిచిపోయింది. సినిమా కలెక్షన్లు పుంజుకున్నా, కొత్త కంపెనీ నిలదొక్కుకున్నా ఇప్పుడు ‘టేకాఫ్ అయింది’ అనేస్తున్నారు.

అర్థం తెలిశాక వాడుకలో జాగ్రత్త కావాలి. బూట్ల సంగతిలో కర్మ ఉంటుంది: ‘టేక్ ఆఫ్ యువర్ షూస్’ అన్నా, ‘టేక్ యువర్ షూస్ ఆఫ్’ అన్నా ఒప్పే. సర్వనామం వస్తే మాత్రం అది మధ్యలోనే ఉండాలి: ‘టేక్ దెమ్ ఆఫ్’. విమానం సంగతిలో కర్మ ఉండదు. పైలట్ విమానాన్ని టేక్ ఆఫ్ చేశాడనడం తెలుగులో చెల్లుతుంది, ఇంగ్లిష్‌లో చెల్లదు. అక్కడ విమానం తానే టేక్ ఆఫ్ అవుతుంది. క్రియగా వాడితే రెండు మాటలుగా రాసి ఆఫ్‌ను ఒత్తి పలకాలి. నామవాచకమైతే కలిపి రాసి టేక్‌ను ఒత్తాలి. వ్యతిరేకార్థం కూడా ఒకటే కాదు: బట్టలకు పుట్ ఆన్, విమానానికి ల్యాండ్.

పోటీ పరీక్షల పుస్తకాలు ఫ్రేజల్ వెర్బ్‌లను అర్థాల పట్టికగా అచ్చువేసి బట్టీ పట్టమంటాయి. అది తప్పుదారి. పట్టిక పరీక్ష దాకా గుర్తుంటే గొప్ప. నిఘంటువు తెరిచినప్పుడు విద్యార్థి టేక్ దగ్గర ఆగిపోకుండా ఆఫ్ పేజీ కూడా తిరగేయాలి. దొరికిన ప్రతి అర్థానికీ తన ఇంట్లోనో కాలేజీలోనో జరిగే పని మీద ఒక వాక్యం రాసుకోవాలి. ఉపాధ్యాయులు ఈ వారం తరగతిలో టేక్ ఆఫ్‌తోనే మొదలుపెట్టవచ్చు.