ఆకాశానికీ పర్మిషన్ కావాలె

మోర్తాడ్‌లో ఫొటో స్టూడియో నడుపుకుంటున్న ఒక యువకుడు ఈ మధ్య ఓ ప్రశ్న అడిగాడు. "అన్నా, దుబాయ్‌ల పెండ్లి ఆర్డర్ దొరికింది. టికెట్, వీసా వాళ్లే ఇస్తమన్నరు. డ్రోన్ కూడా పట్టుకొని రమ్మంటున్నరు. బ్యాగుల పెట్టుకొని పోతే ఏమన్న అంటరా?"

ఈ ప్రశ్నకు నాలుగు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోవడం నాకు సరి అనిపించలేదు. ఎందుకంటే ఇది అతనొక్కడి ప్రశ్న కాదు. మోర్తాడ్, కమ్మర్‌పల్లి, భీమ్‌గల్, వేల్పూర్, బాల్కొండ... ఈ పట్టీలో గల్ఫ్ మొహం చూడని కుటుంబాన్ని వెతికి పట్టుకోవాలి. ఒక తరం తాపీ పట్టుకొని పోయింది, ఇంకో తరం డ్రైవింగ్ లైసెన్సుతో పోయింది. ఇప్పుడు పోతున్న పిల్లల చేతిలో కెమెరా ఉంది. సెల్‌ఫోన్‌లో చానల్ ఉంది. కొందరి బ్యాగులో డ్రోన్ కూడా ఉంది.

మనకు డ్రోన్ పరిచయమైంది పెండ్లి బరాత్‌లో. ఆ తర్వాత శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) 42 గేట్లలో కొన్ని ఎత్తారంటే చాలు, పైనుంచి తీసిన వీడియో గంటలో అందరి ఫోన్లకు చేరడం మొదలైంది. ఇప్పుడు వరి, మక్క చేన్లలో మందు కొట్టే డ్రోన్ కూడా కొత్త కాదు. ఇన్ని చోట్ల కళ్ల ముందు ఎగురుతుంటే అదొక కెమెరా సామాను అనే అనుకుంటాం. కానీ చాలా దేశాల చట్టం చూస్తే డ్రోన్ ఒక విమానం. దాన్ని ఎగరేసేవాడు పైలట్. ఆ ఆకాశం ఎవరిదో వాళ్ల అనుమతి లేకుండా ఎగరేస్తే, అది పెండ్లి కోసమా రీల్ కోసమా అన్నది తర్వాతి విచారణలో తేలాల్సిన సంగతి. ముందు కేసు, తర్వాతే మాట.

గల్ఫ్‌లో ఇంత పట్టుదల ఎందుకో మన పిల్లలకు ఎవరూ చెప్పరు. 2019 సెప్టెంబర్ 14న సౌదీలోని అబ్‌కైక్, ఖురైస్ చమురు కేంద్రాల మీద డ్రోన్లు, క్షిపణులతో దాడి జరిగింది. ఆ ఒక్క దెబ్బకు ఆ దేశపు చమురు ఉత్పత్తిలో దాదాపు సగం కొన్నాళ్లు ఆగిపోయింది. 2022 జనవరి 17న అబుధాబిలోని ముసఫ్ఫా ప్రాంతంలో చమురు డిపో మీద కూడా అలాంటి దాడే జరిగింది. చనిపోయిన ముగ్గురిలో ఇద్దరు భారతీయులు, ఒకరు పాకిస్తానీ. ముగ్గురూ పొట్ట చేతపట్టుకొని పోయిన కార్మికులే. ఆ దాడి జరిగిన ఐదు రోజులకు, అంటే జనవరి 22న, సరదాకు ఎగరేసే డ్రోన్లన్నింటినీ యూఏఈ నిషేధించింది. దాదాపు మూడేళ్లు ఆ నిషేధం అలాగే ఉంది. 2024 నవంబర్ చివర దశలవారీగా సడలించడం మొదలుపెట్టారు. మొదటి అవకాశం కంపెనీలకు, ప్రభుత్వ సంస్థలకు. వ్యక్తుల వంతు ఆ తర్వాతే. సడలింపు అంటే స్వేచ్ఛ అని కాదు. రిజిస్ట్రేషన్, అనుమతి లేకుండా పైకి లేపితే అప్పుడూ నేరమే, ఇప్పుడూ నేరమే.

రియాద్ సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. 2018 ఏప్రిల్‌లో రాజభవనం ఉన్న ఖుజామా ప్రాంతంలో ఒక బొమ్మ డ్రోన్ ఎగిరింది. భద్రతా సిబ్బంది కాల్పులు జరిపి దాన్ని కూల్చేశారు. ఆ కాల్పుల చప్పుడుకు తిరుగుబాటేదో జరిగిందని ప్రపంచమంతా పుకార్లు లేచాయి. పిల్లలు ఆడుకునే వస్తువుకు అంత అలజడి. ఉమ్రాకు పోయే బోధన్, నిజామాబాద్ కుటుంబాలు ఈ ఒక్క సంఘటన గుర్తుపెట్టుకుంటే చాలు, పిల్లలు ముచ్చటపడి సర్దిన డ్రోన్‌ను తామే పెట్టెలోంచి తీసేస్తారు.

విమానాశ్రయాల భయం వేరే. 2016 జూన్‌లో ఎవరో డ్రోన్ ఎగరేసిన పాపానికి దుబాయ్ విమానాశ్రయం 69 నిమిషాలు మూతపడింది. అదే ఏడాది మళ్లీ మళ్లీ అదే జరిగింది. 2018 డిసెంబర్‌లో లండన్ దగ్గరి గాట్విక్‌లో డ్రోన్లు కనిపించాయన్న ఫిర్యాదులతో, క్రిస్మస్ ముందు దాదాపు 1,40,000 మంది ప్రయాణం చెడింది. ఈ దేశాలు మనలను చూసి అనుమానించడం లేదు, తమకు తగిలిన దెబ్బను చూసి జాగ్రత్తపడుతున్నాయి.

డ్రోన్ ఎగరేయడమే ఒక తప్పయితే, దాని కన్ను చూసేది ఇంకో తప్పు. యూఏఈ సైబర్ నేరాల చట్టం 2021లో కొత్తగా వచ్చింది. అనుమతి లేకుండా ఇతరుల ఫొటో, వీడియో తీసి వాళ్ల ఏకాంతానికి భంగం కలిగిస్తే ఆరు నెలలకు తగ్గని జైలు, లేదా 1,50,000 నుంచి 5,00,000 దిర్హాముల జరిమానా, లేదా రెండూ. మన బరాత్ వీడియోలో పక్కింటి డాబా మీద బట్టలు ఆరేసే మనిషి కనిపించినా ఎవరూ అడగరు. అక్కడ పక్క విల్లా ప్రహరీ లోపల కనిపించిన మనిషి ఫిర్యాదు చేస్తే చాలు. లేబర్ క్యాంపు పైనుంచి తీసినా, రిఫైనరీ దిక్కు కెమెరా తిప్పినా ఇంకా పెద్ద చిక్కు. మంచి షాట్ కోసం తిప్పానంటే పోలీస్ స్టేషన్‌లో అది సాక్ష్యం కాదు.

ఇక ఆ యువకుడి ప్రశ్నలో అతనికే తెలియని ఇంకో ముడి ఉంది. విజిట్ వీసా మీద పోయి పైసలు తీసుకొని పని చేయడం. డ్రోన్ పక్కనపెట్టి వట్టి కెమెరా పట్టుకున్నా అది తప్పే. పెండ్లివాళ్లకు నిజంగా పైనుంచి షాట్లు కావాలంటే అక్కడే లైసెన్సు ఉన్న కంపెనీని పెట్టుకోవాలి. అనుమతి తెచ్చుకునే బాధ్యత ఆ కంపెనీది. మన వాళ్లు రూపాయి తక్కువకు అవుతుందని ఊరి పిల్లగాడిని తీసుకుపోయి, ఏదన్నా అయితే "మాకు తెల్వదు" అనడం అన్యాయం. పిలిచినవాళ్లది కూడా బాధ్యతే. ఆర్డర్ ఇచ్చేవాళ్లు ఈ మాట చదువుతుంటే వాళ్లకే చెబుతున్నాను.

స్టూడియోల్లో, యూట్యూబ్ పాఠాల్లో ఒక మాట గట్టిగా పాతుకుపోయింది: "250 గ్రాముల లోపుంటే యాడికి పోయినా పర్మిషన్ అవసరం లేదు." 249 గ్రాముల డ్రోన్లు అందుకే అంతగా అమ్ముడుపోతున్నాయి. ఈ మాట నమ్మి చాలామంది చెడిపోతారని నా భయం. 250 గ్రాములన్నది కొన్ని దేశాల్లో కొన్ని షరతులకు గీసిన గీత మాత్రమే. జపాన్‌లో 2022 జూన్ నుంచి 100 గ్రాములు దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి. బ్రిటన్ కూడా 2026 జనవరి 1 నుంచి ఆ గీతను 100 గ్రాములకు దించింది. యూరప్ దేశాల్లో 250 గ్రాముల లోపున్నా కెమెరా ఉందంటే, అది పిల్లల బొమ్మ కాకపోతే, ఎగరేసేవాళ్లు పేరు నమోదు చేయించుకోవాలి. థాయ్‌లాండ్‌లో అయితే కెమెరా ఉంటే చాలు, బరువు ఎంత తక్కువైనా లెక్కలోకి వస్తుంది. అక్కడ పౌర విమానయాన సంస్థ దగ్గర ఒకటి, ప్రసారాల నియంత్రణ సంస్థ దగ్గర ఒకటి, రెండు చోట్లా నమోదు కావాలి. పైగా 10 లక్షల బాత్‌ల బీమా. ప్రీ వెడ్డింగ్ షూట్లకు ఫుకెట్, క్రాబీ పోతున్న జంటల్లో ఎంతమందికి ఇది చెప్పి తీసుకుపోతున్నారో టూర్ నిర్వాహకులు తమను తాము ప్రశ్నించుకోవాలి. 2025 జూలై చివర కంబోడియా సరిహద్దులో కాల్పులు మొదలైనప్పుడు థాయ్‌లాండ్ దేశమంతటా డ్రోన్లు ఆపేయించింది. పర్మిషన్ కాగితం చేతిలో ఉన్నవాళ్లు కూడా దించాల్సి వచ్చింది. పోయిన ఏడాది పోయివచ్చిన స్నేహితుడి మాట ఈ ఏడాదికి పనికిరాదు.

అమెరికా సంగతి అక్కడ చదువుతున్న పిల్లల తల్లిదండ్రులకు చెప్పాలి. ఎండాకాలం పోయి రెండు మూడు నెలలు ఉండి వస్తారు, వారాంతాల్లో పిల్లలు పార్కులకు తిప్పుతారు. అక్కడ సరదాకు ఎగరేయాలన్నా ముందు ట్రస్ట్ అనే చిన్న ఆన్‌లైన్ పరీక్ష రాయాలి. ఫీజు లేదు. 250 గ్రాములు దాటితే విమానయాన శాఖ ఎఫ్ఏఏ దగ్గర నమోదు తప్పదు, అది విదేశీ సందర్శకులకు కూడా వర్తిస్తుంది. 400 అడుగుల పైకి పోకూడదు. డబ్బు వచ్చే పని అయితే బరువుతో సంబంధం లేకుండా పార్ట్ 107 సర్టిఫికెట్ కావాలి. యూట్యూబ్ ఆదాయం కోసం తీసే వీడియో కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, నేషనల్ పార్కుల్లో 2014 నుంచి డ్రోన్ నిషేధం. ఆ ఏడాదే ఎల్లోస్టోన్‌లో ఒక డచ్ పర్యాటకుడి డ్రోన్ అక్కడి ప్రసిద్ధమైన వేడినీటి గుండంలో పడిపోయింది. జరిమానా, నష్టపరిహారం కలిపి 3,000 డాలర్లు దాటింది. చదువు వీసా మీద ఉన్న పిల్లల పేరు మీద అలాంటి కేసు పడితే పోయేది డాలర్లు మాత్రమే కాదు.

తిరుగు ప్రయాణంలో ఇంకో గండం ఉంది. చుట్టీ మీద వచ్చే అన్నదమ్ములు పెట్టె కట్టేటప్పుడు సెంటు సీసాలు, కంబళ్లు, ఫోన్లతోపాటు ఈ మధ్య తమ్ముడి కోసం డ్రోన్ కూడా కొంటున్నారు. దుబాయ్‌లో చవక అంటారు. చవక నిజమే కావచ్చు, కానీ 2022 ఫిబ్రవరి 9న కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకు తప్ప మినహాయింపు లేదు. తెచ్చే మనిషికి అది కానుక, శంషాబాద్‌లో కస్టమ్స్ అధికారికి నిషేధిత సరుకు. నెలల తరబడి ఓవర్‌టైమ్ చేసిన పైసలతో కొన్నది కౌంటర్ మీద వదిలి రావాల్సిన గతి. కస్టమ్స్ డిక్లరేషన్‌లో డ్రోన్ గురించి అడుగుతారు, దాస్తే తప్పు రెట్టింపవుతుంది. ఇక్కడే కొన్న డ్రోన్‌ను అనుమతితో విదేశానికి తీసుకుపోయేవాళ్లయినా బయల్దేరేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లకు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోవాలి. లేకుంటే వచ్చేటప్పుడు అది ఇక్కడిదేనని రుజువు చేసుకోవడం కష్టం. బ్యాటరీలు చెక్ ఇన్ సామానులో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి.

మన దగ్గర నియమాలు లేవని కాదు. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించారు. డిజిటల్ స్కై వెబ్‌సైట్‌లో ఆ పటం ఎవరైనా చూడవచ్చు. 250 గ్రాముల నుంచి 2 కిలోల లోపున్న డ్రోన్‌ను సరదాకు ఎగరేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అడగరు. పెండ్లికి పైసలు తీసుకొని ఎగరేస్తే అడుగుతారు. మన మండలాల్లో ఎంతమంది ఫొటోగ్రాఫర్ల దగ్గర ఆ సర్టిఫికెట్ ఉందో వాళ్ల మనస్సుకే తెలుసు. ఇంటి దగ్గర ఎవరూ అడగకపోవడం వల్ల అలవాటైన ధీమా, దేశం దాటాక మన పిల్లల మెడకు చుట్టుకుంటోంది. ఇక్కడి సర్టిఫికెట్ ఉన్నా అక్కడ ఎగరేసే హక్కు దానంతట రాదు, అది వేరే విషయం. కానీ నియమం చదివే అలవాటు ఇక్కడే మొదలు కావాలి.

ప్రభుత్వాన్ని కూడా అడగాల్సి ఉంది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబర్‌లో ఉత్తర్వులు ఇచ్చింది. అదే నెలలో హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి మొదలైంది. ఎన్నో ఏళ్ల పోరాటం తర్వాత వచ్చినవి, మంచివి. కానీ ఇవి కష్టం వచ్చాక ఆదుకునేవి. కష్టం రాకుండా చూసేది పోయేముందు ఇచ్చే ఒక్కరోజు శిక్షణ. విదేశాంగ శాఖ ఆ శిక్షణ ఇప్పిస్తోంది. జీతం, పాస్‌పోర్టు, బీమా, ఎంబసీ గురించి అక్కడ చెబుతారు. ఫోన్, కెమెరా, డ్రోన్ విషయంలో ఏ దేశంలో ఏం చేయకూడదో ఒక పేజీ తెలుగులో, ఉర్దూలో అచ్చు వేసి ప్రతి మనిషి చేతిలో పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. రిక్రూటింగ్ ఏజెంట్లు టికెట్‌తోపాటు ఆ పేజీ ఇవ్వాలని షరతు పెట్టాలి. మోర్తాడ్, ఆర్మూర్, బోధన్‌లలో ఫొటోగ్రాఫర్ల సంఘాలు తమ సమావేశంలో ఒక పూట దీనికి కేటాయించాలి.

ఆ యువకుడికి నేను చెప్పింది ఇదే: డ్రోన్ ఇంటి దగ్గర పెట్టు. కెమెరా పని కోసం సరైన వీసా అడుగు. పైనుంచి షాట్లు కావాలంటే అక్కడి లైసెన్సు కంపెనీతో మాట్లాడుకోమని పెండ్లివాళ్లకు చెప్పు. రేపు ఇంకో దేశం నుంచి ఆర్డర్ వస్తే, ఆ దేశపు పౌర విమానయాన సంస్థ వెబ్‌సైట్ తెరిచి, టికెట్ బుక్ చేయకముందే చదువు. అర్థం కాకపోతే వాళ్లకే మెయిల్ పెట్టు, జవాబు కాగితం మీద ఉంచుకో. జవాబు రాకపోతే దాన్ని "వద్దు" అనే అర్థం చేసుకో.

గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా ఒక మనవి. మీరు ఇంటికి పంపే వీడియో కోసం మేమంతా ఎదురుచూస్తాం. అది నేల మీద నిలబడి తీసిందైనా మాకు చాలు.