పాట పాడమన్నవారికి నా జవాబు

"జానపదంలో ఎమ్మేనా? అయితే ఒక పాట పాడండి, విందాం."

చాలా ఏళ్ల కిందట ఒక కళాశాలలో అధ్యాపక ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్తే, బల్లకు అవతల కూర్చున్న పెద్దమనిషి నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. పక్కనున్న ఇద్దరూ నవ్వారు. చరిత్రలో ఎమ్మే చేసినవాణ్ణి ఏ కమిటీ అయినా కత్తి తిప్పి చూపించమంటుందా? నా సబ్జెక్టులో నన్ను అడగవలసిన ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. ఆ రోజు నేను తలవంచుకుని బయటికి వచ్చాను. జవాబు ఇప్పుడు చెబుతున్నాను.

ఎందుకంటే ఆ ప్రశ్న ఆ ఒక్క పెద్దమనిషిది కాదు. మన జానపద సంస్కృతి మీదనో, గిరిజన సంస్కృతి మీదనో పీజీ చేస్తానని పిల్లలు ఇంట్లో చెబితే తల్లిదండ్రుల ముఖంలో కనిపించేదీ అదే. వేరే సీటు రానివాళ్లు, హాస్టల్ కోసం చేరేవాళ్లు చదివే చదువని విశ్వవిద్యాలయాల్లోనే అనుకుంటారు. లోకంలో పాతుకుపోయిన అభిప్రాయాన్ని విడదీసి చూస్తే అందులో మూడు మాటలున్నాయి. ఇది ఊళ్లో అందరికీ తెలిసిందే, కొత్తగా చదవాల్సిందేమీ లేదన్నది మొదటిది. ఇది కాలక్షేపం, దీనివల్ల సమాజానికి ఒరిగేదేమీ లేదన్నది రెండోది. ఇది కూడు పెట్టదన్నది మూడోది. మొదటి రెండూ పూర్తిగా తప్పు. మూడోదానిలో కొంత నిజం ఉంది కానీ, ఆ నిజానికి కారణం ఈ చదువు కాదు.

మొదటి మాట సంగతి చూద్దాం. ఊళ్లో ముసలమ్మకు నాకంటే ఎక్కువ పాటలు వచ్చు, నిజమే. చెట్టు కింద వైద్యుడికి నాకంటే ఎక్కువ ఆకులు తెలుసు, అదీ నిజమే. అంతమాత్రాన వృక్షశాస్త్రం అక్కర్లేదని ఎవరూ అనరు కదా.

చదువుకునే రోజుల్లో జనగామ వైపు ఒక ఊరికి పాటల సేకరణకు వెళ్లాం. డెబ్బై ఏళ్లు దాటిన ఒక అవ్వ నాటు పాటలకు పెట్టింది పేరని చెప్పారు. గడప మీద కూర్చోబెట్టి, టేప్‌రికార్డర్ ముందు పెట్టి పాడమన్నాం. రెండు చరణాలు పాడి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ ఆగింది. "ఇక్కడ కూసుంటె పాట యాడికెల్లొస్తది బిడ్డా? రేపు నాటుకు పొయ్యేటప్పుడు రా" అంది. మర్నాడు పొద్దున్నే వెళ్లాం. పిక్కల దాకా బురద. ఎడమచేతిలో నారుకట్ట, కుడిచేయి ఆగకుండా కదులుతోంది. అవ్వ ఒక చరణం ఎత్తుకుంటే వరసలో ఉన్న పదిమంది అందుకున్నారు. గంటసేపు పాట తెగలేదు. చరణం ముగిసేసరికి అందరూ ఒక అడుగు వెనక్కి వేస్తున్నారు. నాట్లలో వెనకబడ్డ కోడలు పిల్ల పేరు మూడో చరణంలో వచ్చి చేరింది. ఆ పిల్ల నవ్వి చేయి వేగం పెంచింది. ముందు రోజు గడప మీద ఆ పేరు లేదు, ఆ చరణమే లేదు.

ఆ అవ్వ పాట ఆమె చేతుల్లో ఉంది. చేయి ఆడితేనే గొంతు పలుకుతుంది. పాట సాహిత్యాన్ని మాత్రమే కాగితం మీద రాసుకుని వస్తే ఆ పాటలో సగం మడిలోనే వదిలేసినట్టు. ఎవరు పాడారు, ఎవరు అందుకున్నారు, ఏ పనిలో, ఏ ఋతువులో, ఏ మాట అప్పటికప్పుడు పుట్టింది, ఏది తరతరాలుగా వస్తోంది, ఇవన్నీ నమోదు చేయడం ఒక పద్ధతి. దాన్ని నేర్చుకోవాలి. నేర్పేవాళ్లు కావాలి. ఇవాళ ఆ మడుల్లోకి నాటు యంత్రాలు వస్తున్నాయి, వేరే రాష్ట్రాల నుంచి కూలీల బృందాలు వస్తున్నాయి. వాళ్లను తప్పుపట్టను. కానీ పని పోయినచోట పాట మిగలదు. స్టూడియోలో కీబోర్డు పెట్టి పాడిన పాట వినడానికి బాగుండవచ్చు, అది ఆ అవ్వ పాటకు సాక్ష్యం కాదు.

అమ్మ చెప్పే ఏడు చేపల కథ మనందరికీ వచ్చు. చేప దగ్గర మొదలై చీమ దగ్గర ముగిసే ఆ కథ గొలుసు కథల జాతికి చెందిందనీ, అలాంటి కథలకు ప్రపంచ జానపద కథల సూచికలో ప్రత్యేకంగా ఒక విభాగమే ఉందనీ ఎంతమందికి తెలుసు? అద్భుత కథల నిర్మాణాన్ని 31 ఘట్టాలుగా విడదీసి చూపుతూ రష్యా పండితుడు వ్లదీమిర్ ప్రాప్ 1928లో ఒక గ్రంథం రాశాడు. మన కథలు ఆ లెక్కలో ఎక్కడ ఒదుగుతాయి, ఎక్కడ ఒదగవు అని తేల్చడం ఎమ్మే విద్యార్థి పని. ఆ పని కథ తెలిసినంత మాత్రాన రాదు.

ఇంకో ఉదాహరణ. చేర్యాల పటాన్ని ఇవాళ కొని గోడకు తగిలించుకుంటున్నాం. ఎర్రటి నేల మీద బొమ్మలు ముచ్చటగా ఉంటాయి. కానీ ఆ పటం గోడ కోసం పుట్టలేదు. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పట్టించి నకాషీలు గజాల కొద్దీ పటం రాసేవారు. దాన్ని విప్పుకుంటూ కథ చెప్పేవారు వేరే ఉన్నారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులివారు. మాదిగలకు జాంబపురాణం చెప్పేది డక్కలివారు. ముదిరాజులకు పాండవుల కథ చెప్పేది కాకిపడగలవారు. ఎవరి పటం వారిది, ఎవరి కథ వారిది, ఎవరి ఊళ్లు వారివి. పటం పాతబడితే నీళ్లలో కలిపేవారు. ఇంత సంగతి దాని వెనక ఉంటే, అద్దాల పెట్టెలో దాని కింద "చేర్యాల పటం" అని ఒక్క ముక్క రాసి పెడుతున్నాం. ఏ కులం పురాణమో, ఎవరి ఇంటిముందు విప్పారో, చెప్పినవాళ్లు ఎవరో అందులో ఉండదు. ఆ చీటీ మీద నాలుగు సరైన మాటలు రాయాలంటే చదువుకున్న మనిషి కావాలి. ఆ మనిషిని తయారు చేసే చదువునే మనం పనికిరానిదంటున్నాం.

రెండో మాట, దీనివల్ల సమాజానికి ఒరిగేదేమిటని. ఆ ప్రశ్నకు మన చరిత్రే సమాధానం.

నిజాం రాజ్యంలో చెప్పుకోదగ్గ తెలుగు కవులే లేరన్న మాట ఒకప్పుడు వచ్చింది. సురవరం ప్రతాపరెడ్డి దానికి కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరా ఉత్తరాలు రాసి, సమాచారం తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చువేశారు. అవమానానికి ఆయన ఇచ్చిన జవాబు ప్రాంతీయ అధ్యయనం. కావ్యాల్లో మనవాళ్లు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు అని వెతికి ఆయన రాసిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో వచ్చింది. 1985లో పుట్టిన తెలుగు విశ్వవిద్యాలయానికి తెలంగాణలో 2025లో ఆయన పేరే పెట్టుకున్నాం. వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠాన్ని నెలకొల్పింది కూడా ఆ విశ్వవిద్యాలయమే. పేరు పెట్టుకోవడం గౌరవమే. ఆయన చేసిన పనిని పిల్లలు చదువుగా ఎంచుకుంటే నవ్వడం మాత్రం ఆ పేరుకు ద్రోహం.

సర్వాయి పాపన్న సంగతి తీసుకోండి. మొఘల్ చరిత్రకారుడు ఖాఫీఖాన్ రాతల్లో అతను దోపిడీ దొంగ. 1708లో వరంగల్‌ను కొల్లగొట్టాడు, 1710లో చంపారు, అంతే. పల్లెపాటలో అతను గీత కార్మికుడి ఇంట పుట్టి కోటలు కట్టిన వీరుడు. ఆ పాటను బాయిల్ అనే ఇంగ్లీషు అధికారి సేకరించి 1874లో అచ్చువేశాడు కాబట్టి మనకు దక్కింది. 1980లో పరిశోధకులు రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు ఖాఫీఖాన్ పారశీక రాతనూ పల్లెపాటనూ పక్కపక్కన పెట్టి చదివారు. దర్బారులో రాసిన మాట ఒకవైపు, జనం పాడిన మాట ఇంకోవైపు ఉన్నప్పుడు చరిత్ర ఎలా రాయాలో ఆ పరిశోధన చూపించింది. ఇవాళ పాపన్న జయంతులు చేస్తున్నాం, విగ్రహాలు పెడుతున్నాం. ఆ విగ్రహం వెనక ఒక పాట ఉంది. ఆ పాట వెనక దాన్ని పాడినవాళ్లూ, రాసుకున్నవాళ్లూ, చదివినవాళ్లూ ఉన్నారు.

గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు బడులు పెట్టి, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. భద్రిరాజు కృష్ణమూర్తి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని 20 జిల్లాల రైతుల నోట వ్యవసాయ పదాలు సేకరింపజేసి 1962లో మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. నాగలిని సీమలో మడక అంటారన్న సంగతి దగ్గర మొదలుపెట్టి, తెలుగు నేలను నాలుగు మాండలిక మండలాలుగా శాస్త్రీయంగా విభజించే దాకా ఆ పని సాగింది. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేసి డాక్టరేటు పొందినప్పుడు, పల్లెపాటకు పట్టా ఏమిటని ఆశ్చర్యపోయినవాళ్లే ఎక్కువ. తర్వాతి పరిశోధకులందరికీ దారి ఆ గ్రంథంతోనే పడింది. వీళ్లలో ఏ ఒక్కరి పని కాలక్షేపం? ఎవరి పని తీసేస్తే మనకు నష్టం లేదు?

ఇక మూడోది, ఉద్యోగం. పేద ఇంటి పిల్లలే ఎక్కువగా వచ్చే ఈ చదువులో ఉద్యోగం మాట ఎత్తకుండా గొప్పలు చెప్పడం అన్యాయం. ఉద్యోగాలు తక్కువే. యూజీసీ నెట్ పరీక్షలో జానపద సాహిత్యానికి విడిగా ఒక సబ్జెక్టు ఉంది, కానీ నెట్ పాసైన పిల్లవాడు చేరడానికి ఆ పేరుతో శాఖలున్న కళాశాలలను మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పని లేక ఈ పరిస్థితి రాలేదు. ప్రదర్శనశాలల్లో పని ఉంది. గిరిజన సంక్షేమంలో, పర్యాటకంలో, పాఠ్యపుస్తకాల తయారీలో, నిఘంటువుల్లో పని ఉంది. మేడారం జాతరకు రెండేళ్లకోసారి లక్షల మంది వస్తారు. సమ్మక్క చరిత్రను పడిగెల మీద చూపిస్తూ పాడే కోయ డోలివాళ్ల కథనాన్ని సరిగ్గా వివరించగల మనుషులు అక్కడ ఎంతమంది అవసరమో ఆలోచించండి. ఆ పనులన్నీ ఈ చదువు లేనివాళ్ల చేత చేయించి, చివరికి ఈ చదువుకు పని లేదంటున్నాం.

తప్పు మాలోనూ ఉంది. ఊరికి వెళ్లకుండా పాత గ్రంథాల నుంచి ఎత్తిరాసిన సిద్ధాంత వ్యాసాలు వచ్చాయి. పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ లేని సేకరణలు వచ్చాయి. బీరువాల్లో క్యాసెట్లు బూజుపట్టి టేపు అతుక్కుపోయింది. ఇవన్నీ నా కళ్లతో చూశాను. దీనికి మందు చదువును గట్టిపరచడమే, మూసేయడం కాదు. ప్రతి విద్యార్థీ కనీసం ఒక ఋతువు ఒకే ఊళ్లో ఉండి పనిచేయాలి. సేకరించినదంతా ఆ ఊరివాళ్లకు తిరిగి చేరాలి. పాడినవాళ్లకు మర్యాదతో పాటు డబ్బూ అందాలి.

మన నేల మీద పద్మశ్రీ అందుకున్న జానపద కళాకారులున్నారు. 2022లో కిన్నెర మొగులయ్యకు, 2024లో చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యకు, బుర్రవీణ దాసరి కొండప్పకు ఆ గౌరవం దక్కింది. కళాకారుడికి పురస్కారం ఇచ్చి, ఆ కళను అర్థం చేసుకునే చదువును చిన్నచూపు చూస్తే ఆ పురస్కారం ఆ మనిషితోనే ఆగిపోతుంది. ఆయన వాద్యం ఎలా తయారవుతుంది, కథలు ఎన్ని, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు అన్నది రాసిపెట్టేవాళ్లు లేకపోతే తర్వాతి తరానికి మిగిలేది ఒక ఫోటో.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు నా విన్నపం ఒక్కటే. ప్రదర్శనశాలల్లో, సాంస్కృతిక శాఖల్లో, గిరిజన పరిశోధన సంస్థల్లో ఖాళీలు నింపేటప్పుడు ఈ ఎమ్మేను అర్హతగా చేర్చండి. కొత్త పోస్టులు అడగడం లేదు, ఉన్న పోస్టులకు తగిన మనిషిని పెట్టమంటున్నాను. తల్లిదండ్రులకు ఒక మాట. మీ అమ్మాయి ఈ చదువు చదువుతానంటే అడ్డుపడకండి. ఆమెను ముందు మీ అమ్మ దగ్గరికి పంపండి. పెళ్లిళ్లలో పాడిన పాటలు, పొలంలో పాడిన పాటలు, చెప్పిన కథలు అన్నీ రాసుకోమనండి.

మాకు మడిలో పాడి వినిపించిన ఆ అవ్వ ఇప్పుడు లేదు. ఆ గంట పాట మా క్యాసెట్టులో ఉంది కాబట్టి ఉంది. ఆ ఊళ్లో ఆ పాట మొత్తం వచ్చినవాళ్లు ఇవాళ ఒక్కరూ లేరు.