చెఱువులోని చిఱుచేపను కలుపనవలదు

కలుపు అనగా నేమో కర్షకులకు ఒకరు నేర్పనక్కఱలేదు. విత్తినదాని సారమును పీల్చుచు, తాను మనిషికిగాని పశువునకుగాని ఉపయోగపడనిదే కలుపు. ఈ మాటను ఇప్పుడు నీటిలోని ప్రాణులకును అంటగట్టుచున్నారు. బొచ్చె, శీలావతి మొదలగు పెద్దచేపలను పెంచు చెఱువులలో తమంతట తాము పుట్టు చిఱుచేపలనన్నిటిని కలుపుచేపలని పిలిచి, పిల్లలను వదలుటకు ముందే చంపివేయుట పలుచోట్ల వాడుకయైనది. ఈ వాడుక అన్నియెడల న్యాయము కాదనియు, ఒక చేప విషయమున మనకే నష్టకరమనియు మా యభిప్రాయము.

ఆ చేపకు శాస్త్రజ్ఞుల పేరు మోలా. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది మత్స్యములను గూర్చి వ్రాసిన గ్రంథమున దీనిని వర్ణించెను. ఇది సాధారణముగా రెండు మూడు అంగుళములకు మించదు. పొలుసులు మిక్కిలి సన్ననివి. మూతియొద్ద మీసములుండవు. ప్రక్కన వెండిచాఱ యొకటి మెఱయుచుండును. సంతకు వచ్చునప్పుడు ఇతర పరిగెలతో కలిసియే వచ్చును గనుక దీనిని వేఱుగా గుర్తించువారు తక్కువ.

చెఱువులు, కుంటలు, కాలువలు, నీరు నిలిచిన వరిచేలు దీని నివాసములు. వడిగల ప్రవాహము దీనికి అక్కఱలేదు. నీటి పైభాగమున గుంపులుగా తిరుగుచు, నీటికి పచ్చదనము నిచ్చు సూక్ష్మమైన నాచును ముఖ్యముగా తినును. వర్షకాలమున అధికముగా గ్రుడ్లు పెట్టును. ఒక్క ఆడుచేపయే వేలకొలది గ్రుడ్లు పెట్టగలదు. వేసవిలో చెఱువు ఇంకినప్పుడు లోతైన మడుగులలో మిగిలినవే మరుసటి యేటికి విత్తనమగును.

ఈ విత్తనపు సంగతిని సభ్యులు శ్రద్ధగా ఆలోచింపవలెను. బొచ్చెయు శీలావతియు నిలిచిన నీటిలో గ్రుడ్లు పెట్టవు. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌదరి సూదిమందుతో ఈ జాతి చేపలచే గ్రుడ్లు పెట్టించు పద్ధతిని సాధించిన పిదపనే వాని పిల్లలు మనకు విరివిగా దొరకుచున్నవి. వానిని ఏటేట డబ్బిచ్చి కొనవలసినదే, లేదా ప్రభుత్వము ఈయవలసినదే. మోలాకు అట్టి ఖర్చు లేదు. ఒకసారి చెఱువులో నిలిచెనా, ఏటేట తానే పెరుగును.

చెఱువును శుద్ధిచేయుటకు మనవారు ఇప్పచెక్కను వాడుదురు. మీటరు లోతు నీటికి ఎకరమునకు సుమారు 1,000 కిలోలు చల్లిన, అందలి విషము చేపల రక్తమును చెఱచి వానిని చంపును. తరువాత చెక్క ఎరువగును. వాలుగ, కొఱ్ఱమీను వంటి వేటచేపలు ఉన్నచోట పిల్లలను వదలుట వ్యర్థమను మాట నిజమే. దానిని మేము కాదనము. కాని దొంగను పట్టుటకై ఊరినంతటిని కాల్చుదుమా? మోలా ఏ పిల్లనూ మ్రింగదు. దాని నోరు అంత చిన్నది.

అది పెద్దచేపల ఆహారమును పంచుకొనునని మఱియొక ఆక్షేపణ కలదు. ఇందును కొంత సత్యము లేకపోలేదు. సిల్వర్ కార్పు కూడ ఆ నాచునే తినును గనుక ఈ రెండింటికిని పోటీ యుండును. అందుకు సిల్వర్ కార్పును తగ్గించుట ఉపాయము గాని, మోలాను చంపుట ఉపాయము కాదు. బంగ్లాదేశములో రెండు జాతులను ఒక్క చెఱువున పెంచి చూచినప్పుడు మొత్తము దిగుబడి తగ్గలేదు. అచ్చట పూర్వము మనవలెనే చిఱుచేపలను విషముపెట్టి చంపెడివారు.

ఇక అసలు విషయము. నూఱు గ్రాముల మోలాలో ఏ విటమిను 2,500 మైక్రోగ్రాములకు మించి యుండగా, సిల్వర్ కార్పు కండలో 30కి లోపుగానే యుండును. ఈ విటమిను లోపించిననే పిల్లలకు రేచీకటి కలుగును. చిఱుచేపలను ఎముకలతో తినుటవలన సున్నము కూడ దేహమునకు చేరును. ఈ సంగతులను బంగ్లాదేశములో ఏండ్లతరబడి శోధించిన శకుంతలా థిల్‌స్టెడ్, ట్రినిడాడులో పుట్టిన భారతసంతతి శాస్త్రజ్ఞురాలు, 2021లో ప్రపంచ ఆహార బహుమానమును పొందెను. ఇది మందు కాదు, రోగము వచ్చిన పిదప వైద్యుని చూడవలసినదే. కాని ప్రతిదినపు కూడులో ఇంత బలము మఱి యెచ్చట ఇంత చౌకగా దొరకును?

గృహిణులు ఒక్క సంగతి గమనింపవలెను. ఈ విటమినులో చాల భాగము చేప కన్నులలోను, కడుపులోను ఉండును. తల త్రుంచి పాఱవేసిన సారము పాఱవేసినట్లే. ఎండబెట్టినను ఆ విటమిను దాదాపు అంతయు నశించును. కావున శుభ్రముగా కడిగి, తలతోడనే తాజాగా వండుకొనుట మేలు.

పెద్దచేప బండియెక్కి పట్టణమునకు పోవును, దాని ధనము అప్పులకు పోవును. చిఱుచేప మాత్రము ఊరిలోనే, బీదవాని కుండలోనే యుడుకును. ఒక చెఱువు లాభమును లెక్కించునప్పుడు సంఘపు పుస్తకములో పెద్దచేపల బరువు మాత్రమే వ్రాయుదుము. పిల్లలు తిన్న కూర ఏ పద్దులోను ఎక్కదు. పద్దులో ఎక్కనిదానిని కలుపని పిలుచుట న్యాయమా?

కావున సంఘములు ఈ నాలుగు నియమములను తీర్మానించుకొనవలెనని కోరుచున్నాము. వేటచేపలను వలతో తీయవలెనేగాని, ఊరి చెఱువు నంతటిని విషముతో శుద్ధిచేయరాదు. వేసవిలో లోతైన మడుగొకటి విడిచి, అందలి చేపలను పట్టకుండవలెను. తొలకరి పిదప కొన్ని వారములు సన్నకన్ను వల వేయరాదు. ఆ గడువు తీఱిన పిదప మాత్రము తఱచుగా కొంచెము కొంచెముగా పట్టుచుండవలెను. లేనిచో గుంపు మితిమీఱి పెరుగును.

పురుగుమందు చల్లిన చేని నీటిని వెంటనే కాలువలోనికి వదలకుండుట ఈ నియమములన్నిటికిని పునాది. చేను మనది, చెఱువు అందఱిది. ఈ నీటిలో మనకై పెరుగుచున్నదానిని మనమే చంపుకొనుట సేద్యమెఱిగినవారికి తగదు.