చౌరస్తాలో క్రాస్
గుడిమల్కాపూర్ పూల మార్కెట్ ముందు ఆటో అతన్ని దారి అడిగితే "రోడ్డు క్రాస్ అయి అవతలికి పోండన్నా" అంటాడు. దాటడమూ క్రాసే, దారులు కలిసే చోటూ క్రాస్ రోడ్సే. చక్కటి చౌరస్తా ఉండగా ఇదెందుకో! (అదీ అరువే అనుకోండి, వాడివాడి మనదైపోయింది.) పార్టీ మాట దాటి ఓటేస్తే క్రాస్ ఓటింగ్, కోర్టులో ఎదుటి వకీలు సాక్షిని గుచ్చిగుచ్చి అడిగితే క్రాస్ ఎగ్జామినేషన్. అన్నిట్లోకీ చిత్రం చెక్కు. బంతిపూల బుట్టల మధ్య కూర్చున్న వ్యాపారి చెక్కు మూలన రెండు గీతలు లాగి "క్రాస్ చేశా" అంటాడు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం అడిగేది అడ్డంగా రెండు సమాంతర గీతలే. అవి ఒకదాన్నొకటి ఎక్కడా దాటవు. అయినా ఆ చెక్కుకు కౌంటర్లో నగదు ఇవ్వరు, ఖాతాలోనే వేయాలి.