మొక్కల లెక్కయు, మన్ను లెక్కయు

ప్రతి వానకారునను మన నగరమున నొక వేడుక జరుగుచుండును. గోయి ముందే త్రవ్వియుండును. మొక్క ముందే తెచ్చియుండును. పెద్దలు వచ్చి పిడికెడు మన్ను వేయుదురు. మఱునాడు లెక్క ప్రకటింతురు. 2015వ సంవత్సరమున చిలుకూరులో నారంభమైన హరితహారమునకు 230 కోట్ల మొక్కలు లక్ష్యముగా పెట్టిరి. నాటువాని చేతిని మేము తప్పుపట్టము. ప్రజల యెదుటికి వచ్చు లెక్క తఱచుగా నాటిన సంఖ్యయే యగుచుండుట మా యాక్షేపణము. కోతపడిన నేలకు మొక్క చేయు నుపకారము తొలియేండ్లలో కంటికిగాని తూనికకుగాని యందునది కాదు.

జూబిలీహిల్సు, ఫిలింనగరు ప్రాంతమునే చూడుడు. 1960 దాటినపిమ్మట గృహనిర్మాణ సంఘమువారు స్థలములు పంచునాటికి అది బండల రాజ్యము. గుండ్లనడుమ పలుచని యెఱ్ఱగరపనేల, దానిని ఏటేట పల్లమునకు దింపు వానలు. చెన్నపట్టణము విడిచి చిత్రపరిశ్రమ యిటు తరలుటతో బండలు పగిలినవి, మేడలు లేచినవి, బయటినుండి తెచ్చిపోసిన మట్టిలో పెక్కు తోటలు వెలసినవి. ఫిలింనగరు కళాకారులు ఒక్కరాత్రిలో దండకారణ్యమును నిలబెట్టగలరు; దాని క్రింది మన్నును మాత్రము నిలబెట్టలేరు. ఇది వారి లోపము కాదు, బ్రహ్మకును సాధ్యపడలేదు.

మన్నునకు నల్లదనమును, తడిని పట్టియుంచు శక్తిని ఇచ్చునది సేంద్రియ కర్బనము. రాలిన యాకు, చచ్చిన వేరు, పురుగు, శిలీంధ్రము క్రుళ్లి మట్టిరేణువులను అంటుకొనిన శేషమే యిది. పైపొరయందే మిక్కుటము గనుక వాన మొదట దోచుకొనిపోవునది దీనినే. అట్టి నేలలో మొక్కకై గోయి త్రవ్వినప్పుడు, మిగిలిన కొంచెమునకును గాలి సోకి, సూక్ష్మజీవులు దానిని తిని బొగ్గుపులుసు వాయువుగా విడుచును. లేమొక్క రాల్చు నాలుగాకులు ఆ నష్టమును పూడ్చజాలవు. కావున తొలియేండ్లలో ఖాతా కదలకుండుటయో, తఱుగుటయో కద్దు. పొదలు ఒండొంటిని తాకి, నీడ క్రమ్మి, వేళ్లు అల్లుకొనిన పిమ్మటనే జమ ఖర్చును మించును. అదియు మొదట జానెడు లోతుననే. అడుగుపొరలకు దిగుటకు దశాబ్దములు పట్టును. పొద ముదిరినకొలది వేగము తగ్గి యొకచోట నిలుచును. మన గరపనేలలో బంకమన్ను తక్కువ, యెండ యెక్కువ. రేగడిలోకంటె ఇచ్చట కూడబెట్టుట కష్టము.

చీనాదేశపు పసుపుమట్టి పీఠభూమిపై 1999 మొదలు వాలుభూముల సేద్యమును మాన్పించి, గడ్డిని, చెట్లను, కారగానా యను పొదలను విస్తారముగా పెంచిరి. వేర్వేఱు వయసుల పొదలక్రింది మన్నును పోల్చిచూచిన శాస్త్రజ్ఞులకు ఇట్టి క్రమమే కనబడినది. ఇంకొకటియు కనబడినది: వాన చాలనిచోట క్రిక్కిఱిసి నాటిన పొదలు ముదిరి, లోతుమట్టి తడిని త్రాగివేసినవి.

మనకు దగ్గఱనే, పటాన్‌చెరువున, ఇక్రిశాట్‌వారు 1976లో మొదలిడిన ప్రయోగ మొకటి కలదు. అది పొదలతోట కాదు, నల్లరేగడి పంటపొలము. అయినను కాలము విలువను చెప్పును. నీటిని నిలుపు కట్టలు తోలి, కందిని మిశ్రమముగా వేసి సాగుచేసినచోట 24 ఏండ్లకు, నాలుగడుగుల లోతువఱకు, హెక్టారునకు 46.8 టన్నుల కర్బనము తేలగా, పాతపద్ధతి పొలమున 39.5 టన్నులే తేలినది. తేడా 7.3 టన్నులు, సగటున ఏటికి మూడువందల కిలోలు. ఇంత నిదానమైన వడ్డీకి మన షావుకారు లెవ్వరును అప్పీయరు.

ఈ లెక్క తెలిసినవారికి చెట్లు నఱకిన వార్త వేఱుగా వినబడును. జూబిలీహిల్సు నానుకొనిన 350 ఎకరములకు పైబడిన కాసు బ్రహ్మానందరెడ్డి వనము, నిజాము వంశీయుల చిరాన్ ప్యాలెసు ఆవరణగా నుండుటచేత ఇండ్లస్థలములు కాక మిగిలినది, 1998లో జాతీయోద్యానమైనది. అచ్చటికి కొలదిమైళ్ల పడమట కంచ గచ్చిబౌలిలో 2025 మార్చి చివర 400 ఎకరముల విషయమై యంత్రములు దిగినవి. ఏప్రిల్ 3న సుప్రీముకోర్టు ఆపించినది. ఇట్టివేళల మనకు వినవచ్చు సమాధాన మొక్కటే: వేఱొకచోట అంతకు రెట్టింపు నాటింతుము! అడవిభూముల విషయమున ఈ మార్పిడికి 2016లో చట్టమును, నిధియు నేర్పడినవి. ఇంటి వృద్ధుని వెడలగొట్టి ఇద్దఱు శిశువులను తెచ్చి, సంసారము పెరిగినదనినట్లున్నది. నలుబదియేండ్ల మన్ను కావలెనన్న నలుబదియేండ్లు కావలెను. పెకలించినచోట మాత్రము కూడినది కొలదియేండ్లలోనే వాయువై పోవుచుండును.

చెలకలుగల పాఠకులకొక మాట. గట్లపై గ్లైరిసీడియా నాటి, కొమ్మలు కోసి పొలమున వేయుట మంచిపని. మూడవయేట ఫలము కానరాలేదని దానిని పెకలింపకుడు. త్రవ్విన నష్టమును రెండవమాఱు కొనితెచ్చుకొందురు.

ప్రభుత్వమువారిని మేము కోరునది స్వల్పము. రైతు కిచ్చు భూసారపత్రమున సేంద్రియ కర్బనమునకు 2015 నుండి యొక గడి యున్నది. తాము నాటించిన ప్రతి గుట్టకును, ప్రతి కంచకును అట్టి పత్రమునే వ్రాయించి, నాటకమునుపు ఎంత, అయిదవయేట ఎంత, పదవయేట ఎంత, ఇరువదవయేట ఎంత యని, మొక్కల సంఖ్య ప్రక్కనే ప్రకటింపుడు. నఱకుటకు అనుమతి యడుగువారు సయితము, తాము తవ్వబోవు మన్ను వయసెంతయో ఆ దరఖాస్తుననే వ్రాయవలెను.