మనోడు బతికాడు సరే, ఎక్కడికి పోయాడు?

హాస్టల్ గదిలో ఐదుగురు పిల్లలు ఒకే ఫోన్ ముందు తలలు ఆనించి సినిమా చూస్తున్నారు. 'ద మాగ్నిఫిసెంట్ సెవెన్', 2016లో వచ్చిన రీమేక్. హిందీ డబ్బింగు. కథ అయిపోయింది. ఏడుగురిలో నలుగురు చచ్చిపోయారు, ముగ్గురు గుర్రాలెక్కి వెళ్లిపోతున్నారు. ఆ ముగ్గురిలో ముఖానికి రంగు, చేతిలో విల్లు ఉన్న కుర్రాడు ఒకడు. అది చూసి ఒక తమ్ముడు ఎగిరి గంతేశాడు: "అన్నా, మనోడు బతికాడు!"

ఆ కుర్రాడు కొమాంచీ తెగవాడు. మనకీ వాడికీ మధ్య ఏడు సముద్రాలు. అయినా మా తమ్ముడి నోటికి "మనోడు" అన్న మాటే వచ్చింది. తెర మీద అడివి మనిషి కనిపిస్తే చివరిదాకా బతుకుతాడా లేదా అని లెక్కేసుకోవడం మనకు అలవాటైపోయింది. వాడు బతికితే పండగే. ఈ సినిమా గురించి రాయాలనిపించింది ఆ ఒక్క మాట వల్లే.

ముందు కథ ఎక్కడ మొదలైందో చూద్దాం. 1954లో జపాన్‌లో అకిరా కురోసావా 'సెవెన్ సమురాయ్' తీశాడు. బందిపోట్లు పంట దోచుకుపోతుంటే రైతులు ఏడుగురు కత్తివీరులను తెచ్చుకుంటారు. ఆ కథను 1960లో జాన్ స్టర్జెస్ మెక్సికో పల్లెకు మార్చి కౌబాయ్ సినిమాగా తీశాడు. యూల్ బ్రిన్నర్, స్టీవ్ మెక్‌క్వీన్, చార్లెస్ బ్రాన్సన్ లాంటి వాళ్లంతా అందులో ఉన్నారు. అమెరికాలో మొదట అంతగా ఆడలేదు గానీ యూరప్‌లో విరగబడి చూశారు. మన దగ్గర 'షోలే' (1975) కథకు కూడా ఈ రెండు సినిమాల గాలి తగిలిందని అందరికీ తెలిసిందే. 2016లో ఆంటోయిన్ ఫుక్వా అనే నల్లజాతి దర్శకుడు దాన్నే మళ్లీ తీశాడు. డెంజెల్ వాషింగ్టన్ హీరో.

ఈ మూడోసారికి జనం ఏమన్నారు? ఒక్క గొంతుతో ఏమీ అనలేదు.

పాత సినిమా ప్రేమికులు పెదవి విరిచారు. "అంత మంచి సినిమాను మళ్లీ తీయడం ఎందుకు? ఎల్మర్ బర్న్‌స్టీన్ బాణీ లేకపోతే అది ఆ సినిమానే కాదు" అన్నారు. విమర్శకులు సగం సగంగా మెచ్చుకున్నారు. థియేటర్‌కు వెళ్లిన మామూలు జనం మాత్రం తృప్తిగానే బయటికొచ్చారు. అమెరికాలో మొదటి రోజు ప్రేక్షకులను అడిగి మార్కులు వేసే సినిమాస్కోర్‌లో దానికి ఏ మైనస్ వచ్చింది. ప్రపంచమంతా కలిపి 16 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది.

ఇంకొంతమందికి మంట వేరే. నాయకుడు నల్లవాడు. గుంపులో ఒక మెక్సికన్, ఒక కొరియన్, ఒక ఆదివాసీ. "అందర్నీ సంతోషపెట్టడానికి లెక్క ప్రకారం పేర్చారు, చరిత్రలో ఇలా ఎక్కడుంది?" అన్నారు. వీళ్లకు చరిత్రే జవాబు చెప్తుంది. ఆ రోజుల్లో పశువులు తోలిన కౌబాయ్‌లలో సుమారు నాలుగో వంతు నల్లవాళ్లని చరిత్రకారుల అంచనా. తాడు విసరడం, జీను కట్టడం తెల్లవాళ్లు నేర్చుకున్నదే మెక్సికో వకేరోల దగ్గర. పడమటి రైలు పట్టాలు వేసినవాళ్లలో వేలాదిమంది చైనా కూలీలు. 1875 నుంచి బాస్ రీవ్స్ అనే నల్లజాతి మార్షల్ దొంగల్ని పట్టుకుంటూ తిరిగాడు. కాబట్టి రంగురంగుల మనుషులు కనిపించడం అబద్ధం కాదు. అరవై ఏళ్లపాటు తెల్లవాళ్లనే చూపించారే, అదీ అబద్ధం.

ఇక సంతోషించినవాళ్లు. వాళ్ల సంతోషం మనకు బాగా అర్థమవుతుంది. 1960 సినిమాలో ఆదివాసీ ఎక్కడున్నాడో గుర్తుందా? మొదట్లోనే ఉన్నాడు, శవంగా. పేరు ఓల్డ్ సామ్. బజార్లో పడి చనిపోతాడు. దారిన పోయే వ్యాపారి ఖర్చు పెట్టుకుంటానన్నా, తెల్లవాళ్ల శ్మశానంలో 'ఇండియన్'ను పూడ్చనివ్వమని ఊరివాళ్లు అడ్డం పడతారు. అప్పుడు బ్రిన్నర్, మెక్‌క్వీన్ బండెక్కి ఆ పెట్టెను గుట్ట మీదికి తోలుకుపోతారు. హీరోలు ఎంత మంచోళ్లో చూపించడానికి ఒక ఆదివాసీ శవం కావాల్సొచ్చింది. ఆ శవానికి ఒక్క మాట లేదు, ముఖం కూడా లేదు.

2016కి వచ్చేసరికి ఆ శవం లేచి నిలబడింది. పేరు రెడ్ హార్వెస్ట్. నటించింది మార్టిన్ సెన్స్‌మైయర్. అలాస్కాకు చెందిన ట్లింగిట్, కోయుకాన్ ఆదివాసీ. నటుడు కాకముందు చమురు బావుల దగ్గర పని చేశాడు. మూడేళ్ల ముందే, 2013లో, 'ద లోన్ రేంజర్'లో ఆదివాసీ వేషాన్ని జానీ డెప్ రంగు పూసుకుని వేశాడు. 2015లో 'ద రిడిక్యులస్ సిక్స్' అనే హాస్య సినిమా షూటింగులో తమ ఆడవాళ్లను, పెద్దలను ఎగతాళి చేసే మాటలున్నాయని సుమారు డజను మంది ఆదివాసీ నటులు సెట్ వదిలేసి వెళ్లిపోయారు. కూలి పోతుందని తెలిసీ లేచి వెళ్లారు. ఆ నేపథ్యంలో ఆదివాసీ వేషం ఆదివాసే వేయడం, కొమాంచీ భాషలో మాట్లాడటం, చివరిదాకా బతకడం చిన్న విషయం కాదు. అది వాళ్ల పోరాటం తెచ్చిన ఫలితం. దాన్ని మేం తక్కువ చేయం.

అయితే సంబరం అయ్యాక మళ్లీ ఒకసారి సినిమా చూడండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. కొన్ని ప్రశ్నలు వేసుకుందాం.

ఈసారి విలన్ బందిపోటు కాదు, గని యజమాని. పేరు బార్తలోమ్యూ బోగ్. బంగారం కోసం రోజ్ క్రీక్ అనే ఊరిని ఖాళీ చేయమంటాడు. చర్చిలోకి వచ్చి, ఒక సీసాలో మట్టి చూపించి, ప్రజాస్వామ్యం అంటే పెట్టుబడి, పెట్టుబడి అంటే దేవుడు అన్నట్టు ప్రసంగం చేస్తాడు. అడ్డొచ్చే నాకొడుకులు దేవుడికే అడ్డొచ్చినట్టని వాడి లెక్క. ఇచ్చే ధర విదిలింపు. గడువు మూడు వారాలు. కాదన్నవాళ్లను అక్కడే కాల్చేస్తారు, చర్చిని తగలబెడతారు. ఈ సీను మనకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. సర్వే రాళ్లు, 'అభివృద్ధి' ఉపన్యాసం, పరిహారం కాగితం, వెనకాల తుపాకులు. మా తమ్ముళ్లు ఆ సీను దగ్గర ఊపిరి బిగబట్టింది అందుకే.

కానీ ఆ ఊరు ఎవరిది? కథ జరిగేది 1879లో. రోజ్ క్రీక్ రైతులు "ఇది మా నేల" అంటారు. వాళ్లు రాకముందు అక్కడ ఎవరుండేవాళ్లు? రెండు గంటలకు పైగా నడిచే సినిమాలో ఒక్కరు కూడా ఆ ప్రశ్న అడగరు. పైగా ఆ నేల కోసం ప్రాణం పణంగా పెట్టడానికి ఒక ఆదివాసీ వస్తాడు! వాడి పక్కనే యుద్ధం చేసే జాక్ హార్న్ ఎవరు? క్రో తెగవాళ్లను వేటాడి చంపినవాడిగా పేరుపడ్డ మనిషి. వాళ్లిద్దరి మధ్య ఆ నెత్తుటి లెక్క ఎన్నడూ తేలదు. కాసేపు కొరకొరా చూసుకుంటారు, తర్వాత మామూలే.

1879 అనే ఏడాదిని కూడా పట్టించుకోవాలి. అంతకు ఐదేళ్ల ముందు, 1874లో, టెక్సస్‌లోని పాలో డ్యూరో లోయలో అమెరికా సైన్యం కొమాంచీల మీద పడింది. మనుషులు తప్పించుకున్నారు. సైన్యం వాళ్ల గుర్రాలను పట్టి, వెయ్యికి పైగా గుర్రాలను కాల్చి చంపింది. గుర్రం లేని కొమాంచీ అంటే అడివి లేని కోయ, కొండ లేని కొండరెడ్డి. అడవిదున్నల మందలను అప్పటికే వేటగాళ్లు తుడిచిపెట్టేశారు. తిండి లేక, దారి లేక, 1875లో క్వానా పార్కర్ తన జనంతో ఫోర్ట్ సిల్‌లో లొంగిపోయాడు. అంటే సినిమా జరిగే నాటికి కొమాంచీలు రిజర్వేషన్‌లో, రేషన్ కోసం వరసలో నిలబడి ఉన్నారు.

మరి రెడ్ హార్వెస్ట్ ఎక్కణ్నుంచి ఊడిపడ్డాడు? "నీ దారి వేరు" అని పెద్దలు చెప్పారట, అందుకే ఒంటరిగా తిరుగుతున్నాడట. అమ్మ లేదు, అక్క లేదు, గూడెం లేదు, దేవర లేడు. మన దగ్గర ఒక మనిషిని పరిచయం చేయాలంటే ముందు ఏ గోత్రం, ఏ ఊరు అని అడుగుతాం. ఈ కుర్రాడికి అవేమీ లేవు. విల్లుంది, పచ్చి మాంసం తినే సీనుంది, నాలుగు మాటలున్నాయి. సినిమాలో ఇంకో ఆదివాసీ దెనాలి కూడా కొమాంచీయే, కంపెనీ మనిషి. దెనాలి అనేది అలాస్కా కొండకు కోయుకాన్ జనం పెట్టుకున్న పేరు, కొమాంచీ పేరు కాదు. సెన్స్‌మైయర్ సొంత జనం మాటను తెచ్చి ద్రోహి పాత్రకు తగిలించారు, ఎవరూ సరిచూసుకోలేదు. సినిమా మొత్తంలో కాస్త చోటు దొరికిన ఆదివాసీలు ఇద్దరు. ఒకడి చేతిలో ఇంకొకడు చస్తాడు. మంచోడు, చెడ్డోడు ఇద్దరూ ఎవరో ఒక తెల్ల మనిషి తరఫునే.

ఇప్పుడు మా తమ్ముడి మాట దగ్గరికి వద్దాం. మనోడు బతికాడు సరే, ఎక్కడికి పోయాడు? డెంజెల్ వాషింగ్టన్ పాత్ర తల్లినీ చెల్లెళ్లనూ చంపించినవాడి మీద పగ తీర్చుకుని పోతాడు. ఊరివాళ్లు ఊళ్లో ఉంటారు. కొమాంచీ కుర్రాడికి తిరిగి వెళ్లడానికి నేల లేదు. దాని గురించి సినిమాకు బెంగ లేదు.

ఇంకొక తేడా చూడండి. జపాన్ సినిమా చివర సమురాయ్ నాయకుడు, గెలిచింది రైతులే, మనం కాదు అని ఒప్పుకుంటాడు. 1960 సినిమా కూడా ఆ మాటను అట్లాగే ఉంచింది. అందులో బ్రాన్సన్ పాత్ర, తండ్రుల్ని పిరికివాళ్లన్న పిల్లల్ని పట్టుకుని వాయిస్తాడు. ఇల్లు, పొలం, పిల్లల బరువు మోసే మీ నాన్నదే అసలు ధైర్యం అని చెప్తాడు. 2016లో చివరి మాట ఏడుగురి గొప్పతనం మీదకు పోయింది. ఊరి జనం సమాధుల ముందు నిలబడి దండం పెట్టేవాళ్లుగా మిగిలారు. రంగులు మారాయి, మంచిదే. కానీ గెలుపు జనం చేతిలోంచి హీరోల చేతిలోకి పోయింది. దీని గురించి అంత గోలలో చాలా తక్కువమంది మాట్లాడారు.

ఈ బాధ మనకు కొత్తది కాదు. 'ఆర్ఆర్ఆర్'లో తెర నిండా కొమురం భీంను చూసి మనోళ్లు ఈలలు వేశారు. అదే భీం చివర్లో ఇంకో హీరోను చదువు చెప్పమని అడిగితే, 'జల్ జంగల్ జమీన్' అన్న మాటను ఆ హీరో రాసిస్తే, చాలామంది ఆదివాసీ యువకులు నొచ్చుకున్నారు. మన తాత మాటకు వేరేవాళ్ల చేతిరాత ఎందుకు అని అడిగారు. ఈల వేసిందీ మనమే, అడిగిందీ మనమే. రెండూ నిజమే. ఈల వేశాం కాబట్టి అడగకూడదని ఎవరైనా అంటే వినొద్దు.

ఇంకో సంగతి. ఈ సినిమా అమెరికా థియేటర్లలోకి వచ్చింది 2016 సెప్టెంబర్ 23న. అదే నెల 3వ తేదీన, నార్త్ డకోటాలో స్టాండింగ్ రాక్ సూ జనం తమ నీళ్ల కింద నుంచి చమురు గొట్టం వేయొద్దని అడ్డం నిలబడితే, కంపెనీ కాపలావాళ్లు వాళ్ల మీదికి కుక్కల్ని వదిలారు. అక్కడికి గుర్రమెక్కి ఏడుగురు రాలేదు. అమ్మమ్మలు వచ్చారు, పిల్లలు వచ్చారు, వందలాది తెగల జెండాలు వచ్చాయి. గొట్టం చివరికి పడింది, కానీ ఆ నిలబడటం ప్రపంచం చూసింది.

మన దగ్గరా అంతే. విశాఖ ఏజెన్సీ బొర్రా ప్రాంతంలో గని లీజుల మీద నడిచిన కేసులో, 1997లో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆదివాసేతర ప్రైవేటు కంపెనీలకు భూమి లీజుకివ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. అదే సమతా తీర్పు. 2013లో నియంగిరి కొండ మీద 12 గ్రామసభలు కూర్చుని, ఒక్కొక్కరు లేచి, బాక్సైట్ గని వద్దన్నారు. కోర్టు మెట్లెక్కినవాళ్ల, గ్రామసభలో చేయెత్తినవాళ్ల కథలో పోజు కొట్టే సీన్లు తక్కువ. కాగితాలు, తిరుగుళ్లు, భయం, ఆకలి ఎక్కువ. బోగ్ లాంటివాళ్లు ఆగింది అక్కడే.

సినిమా చూడండి. ఈల కూడా వేయండి. మనోడు బతికినందుకు గంతేసిన తమ్ముడిని మేం వెక్కిరించం, ఆ గంతులో మేమూ ఉన్నాం. కాకపోతే ఈలయ్యాక మూడు సంగతులు అడగండి: ఆ నేల ముందు ఎవరిది? ఆ కుర్రాడి ఊరేది? చివర గెలిచిందెవరు? అడిగీ అడిగీ అలవాటైతే, రేపు మీలో ఒకరు ఫోన్ పట్టుకుని సొంత సినిమా తీస్తారు. అందులో మనోడు గుర్రమెక్కి ఎటో పోవాల్సిన పని ఉండదు. నడుచుకుంటూ ఇంటికొస్తాడు. వాకిట్లో వాళ్లమ్మ ఉంటుంది.